కొవ్వు నింపేముందు కప్పులు పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. వయసు 34. పొట్ట కొవ్వు తీసి రొమ్ముల్లో నింపించుకోవాలనుకుంటున్నాను. ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు గాలి లాగే కప్పులు పెట్టుకోమన్నారు డాక్టరుగారు. మా వదిన ఆన్‌లైన్‌లో చేత్తో పంపు కొట్టే చవక కప్పులు చూపిస్తోంది. అవి చాలవా? అసలు ఇవి అవసరమా?

జవాబు: వదినగారి కప్పులు వద్దు. ఎంత గట్టిగా లాగుతున్నాయో తెలుసుకునే దారి వాటిలో ఉండదు. ఇందుకోసమే చేసిన బ్రావా లాంటి వైద్య పరికరాలు బీపీ లెక్కలో చెప్పాలంటే 15 నుంచి 25 పాయింట్ల దాకానే, మెల్లగా గంటల తరబడి లాగుతాయి. గట్టిగా లాగితే త్వరగా పెరగదు, చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. అవి మానేదాకా కప్పు ముట్టుకోకూడదు, అన్నాళ్లూ వృథా.

అవసరమా అంటే, నింపిన కొవ్వుకు మొదటి రోజుల్లో సొంత రక్తనాళాలు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరే ప్రాణవాయువుతోనే బతకాలి. అది రెండు మిల్లీమీటర్ల లోతు కూడా దాటదు. ఇరుకు చోట ఎక్కువ కుక్కితే లోపల ఒత్తిడి పెరిగి, ముద్ద మధ్యలోది చచ్చిపోతుంది. కప్పులు ముందే చోటు చేసి, రక్తప్రసారం పెంచుతాయి. 2012లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో 81 మంది బ్రావా కప్పులు రోజుకు 10 గంటలు, 4 వారాలు పెట్టుకున్నారు. ఒక్కో రొమ్ములో సగటున 277 మి.లీ. నింపితే ఏడాది తర్వాత 233 మి.లీ. నిలిచింది. కాకపోతే ఆ పరికరం కనిపెట్టిన డాక్టరే ఆ అధ్యయనానికీ ముందున్నారు. అంత ఫలితం మీకూ గ్యారంటీ అనుకోకండి. రోజుకు నాలుగైదు గంటలతో సరిపెడితే అసలే ఆశ పెట్టుకోవద్దు.

మన ఎండలకు కప్పు అంచు కింద చెమట పట్టి గాలి లీకవుతుంది, చర్మం పేలుతుంది. వీలైతే చలికాలంలో మొదలుపెట్టండి. రాత్రిళ్లు పెట్టుకోవడం తేలిక. పెట్టేముందు ఒళ్లు కడిగి పొడిగా తుడవండి. కొబ్బరినూనె రాస్తే అంచు పట్టదు. పొద్దున తీశాక ఎర్రటి వలయం కనిపిస్తుంది. రెండు గంటల్లో మాయమైతే ఫర్వాలేదు. సాయంత్రానికీ ఉన్నా, దురద పెట్టినా డాక్టరుకు చూపించండి. ఆపరేషన్‌కు వారం ముందే మానేస్తే మాత్రం వచ్చిన వాపు దిగిపోయి, పడ్డ కష్టమంతా పోతుంది.

ఇక గడ్డల సంగతి. చచ్చిన కొవ్వు నూనె తిత్తులుగా, సున్నపు చుక్కలుగా మిగలొచ్చు. అందుకే ముందే స్కానింగ్ చేయించుకోండి. చిత్తూరులో తీయించినా, వేలూరులో తీయించినా ఫిల్ములు దాచుకోండి. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉంటే అది ముందే చెప్పాలి. తర్వాతెప్పుడైనా రొమ్ములో గట్టి గడ్డ చేతికి తగిలితే, కొవ్వు నింపించుకున్నానని స్కానింగ్ డాక్టరుకు చెప్పి, ఆ పాత ఫిల్ములు ముందు పెట్టండి.