"యానాది పిల్లలింతే" అన్న మాటతో సరిపెట్టుకోకండి

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. యానాదులం, మామిడి తోటకు కాపలా ఉంటాము. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. క్లాసులో కుదురుగా కూర్చోడు, పుస్తకాలు పోగొట్టుకొస్తాడు, అందరి మాటలకూ అడ్డమొస్తాడు. అడిగితే సారు "మీ యానాది పిల్లలింతేలే" అన్నారు. మా ఆయనేమో బడి మాన్పించి ఇటుకల బట్టీకి తీసుకుపోతానంటాడు. బడికొచ్చిన డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) కావచ్చు, తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపించమంది. చేపలు పట్టేటప్పుడు మాత్రం గంటసేపు కదలడు. మరి ఇది జబ్బెట్లా అవుతుంది? మందులు వాడితే మొద్దుబారిపోతాడంట, నిజమేనా?

జవాబు: అమ్మా, సారు అన్న మాట తప్పు. అది మీ మనసును నొప్పించడమే కాదు, బిడ్డకు జరగాల్సిన పరీక్షకు కూడా అడ్డుపడుతోంది. కులాన్ని చూపి వదిలేస్తే ఇక ఎవరూ వాడిని పట్టించుకోరు.

మీరొక పని చేయండి. మీ వాళ్ళలోనే వాడి ఈడు పిల్లల పక్కన పెట్టి వాడిని గమనించండి. అన్నం ముందు నుంచి ఎన్నిసార్లు లేస్తున్నాడు? ఆటలో వంతు వచ్చేదాకా ఆగగలుగుతున్నాడా? అవ్వ చెప్పిన పని సగంలో వదిలేస్తున్నాడా? మీ పిల్లల మధ్య కూడా వాడొక్కడే వేరుగా కనబడుతుంటే, అది మీ కులం వల్లా కాదు, మీ పెంపకం వల్లా కాదు. ఇంట్లో అందరిలాగే ఉండి బడిలోనే అల్లరి చేస్తుంటే మాత్రం కారణం వేరే ఉండొచ్చు. పనుల కోసం మీరు ఊరు మారినప్పుడు పాఠాలు పోయి, ఇప్పుడు చెప్పేది అర్థం కాని పిల్లాడు కూడా కుదురుగా కూర్చోలేడు. డాక్టర్లు చూసేదీ ఇదే: పన్నెండేళ్ళ లోపే మొదలైందా, కనీసం ఆరు నెలలుగా ఉందా, ఇంట్లోనూ బడిలోనూ ఉందా అని.

చేపల సంగతి చాలామంది తల్లులు అడిగేదే. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ఇష్టమైన పనిలో గంటలు గంటలు మునిగిపోగలరు. ఇష్టం లేని దాని మీద మనసు నిలపడమే వాళ్ళకు కష్టం. కాబట్టి వల దగ్గర కూర్చున్నంత మాత్రాన సమస్య లేదని చెప్పలేం. అట్లని వాడిది మొండితనమనీ అనుకోవద్దు. ఇది చాలావరకు వంశంలో వచ్చేది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో కొంచెం ఎక్కువ.

బడికొచ్చిన ఆ డాక్టరమ్మ బహుశా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం మనిషి. 2013 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లలకు వాళ్ళు చేస్తున్న పరీక్షల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆమె చీటీ రాసిచ్చి ఉంటే దాంతో రుయాలో మానసిక వైద్య విభాగం ఓపీకి పొద్దున్నే వెళ్ళండి. వాడి నోటుబుక్కులు తీసుకెళ్ళండి. చెవి, కంటి చూపు, రక్తహీనత, నిద్ర కూడా చూడమని అడగండి. వీటిలో ఏది బాగాలేకపోయినా పిల్లలు ఇలాగే ఉంటారు. ఒకరోజు కూలి పోయినా సరే, మీ ఆయనను వెంట తీసుకెళ్ళండి, డాక్టరు మాట ఆయన చెవిన పడాలి. ఈలోపు టెన్షన్‌గా అనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మందు అందరికీ అవసరం రాదు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాస్తే ఆకలి తగ్గొచ్చు, రాత్రి నిద్ర ఆలస్యం కావొచ్చు. బిడ్డ సన్నగా ఉంటే బరువు తరచూ చూపించండి, కడుపునిండా తిన్నాకే మాత్ర ఇవ్వండి. మొద్దుబారినట్టు అనిపిస్తే మోతాదు ఎక్కువై ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో పని చెప్పేటప్పుడు దగ్గరికెళ్ళి, భుజం మీద చెయ్యేసి, ఒక్కటే చెప్పండి. అది చేశాక రెండోది. చేసినందుకు మెచ్చుకోండి. బడిలో ముందు వరసలో కూర్చోబెట్టమని, మధ్యమధ్య లేచి తిరిగే చిన్న పని ఇవ్వమని అడగండి. నోటుబుక్కులు పంచడం లాంటిదైతే సరే. నీళ్ళు మోయడం, ఊడ్వడం మీ వాడికే అప్పజెబితే మాత్రం ఒప్పుకోకండి.

బట్టీకి పంపడం చట్టం ఒప్పుకోదు. అంతకంటే పెద్ద భయం, నిప్పుల మధ్య, ట్రాక్టర్ల మధ్య నిలకడ లేని పిల్లాడు. మీ ఆయనతో ఈ మాటే అనండి. బడిలో పిల్లలను కొట్టడం, అవమానించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. సారు మళ్ళీ కులం ఎత్తితే హెడ్మాస్టరుకు, తర్వాత జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి రాసివ్వండి. డాక్టరు చూశాక ఏమన్నారో, మందు రాస్తే దాని పేరేమిటో నాకు రాయండి, తర్వాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.