స్పారింగ్ తర్వాత తలనొప్పా? మాత్ర వేసుకుని మళ్లీ దిగకండి

ప్రశ్న: నా వయసు 22. ఏడాదిన్నరగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. మహమ్మద్ అలీ, మైక్ టైసన్ పాత వీడియోలు చూసి తెల్లవారుజామున పరుగు, వందల కొద్దీ బస్కీలు, తల నేలకు ఆనించి చేసే నెక్ బ్రిడ్జ్ చేస్తున్నాను. పచ్చి గుడ్లు తాగుతున్నాను. టైసన్‌లాంటి మెడ రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది? స్పారింగ్ (సాధన కోసం తోటి బాక్సర్‌తో తలపడటం) రోజు తలనొప్పి వస్తే పెయిన్‌కిల్లర్ వేసుకుంటున్నాను. బరువు తగ్గడానికి మా అక్క థైరాయిడ్ మాత్ర నెల రోజులుగా వాడుతున్నాను. పర్లేదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెడ సంగతి తర్వాత. చివర్లో మామూలుగా రాసేసిన రెండు విషయాలు చూసి నాకు టెన్షన్ పట్టుకుంది.

ముందు తలనొప్పి. తలకు దెబ్బ తగిలాక వచ్చే నొప్పిని, కాదని తేలేదాకా, కంకషన్‌గానే, అంటే దెబ్బకు మెదడు అదిరిందనే, చూడాలి. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం తప్పు. హెడ్‌గార్డ్ ఉంది కదా అంటారేమో. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది. తల గిర్రున తిరిగినప్పుడు లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే మరొకటి తగిలితే, అరుదుగానైనా, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. కుర్రవాళ్లలోనే ఈ ముప్పు ఎక్కువ. పెయిన్‌కిల్లర్ వేసుకుంటే నొప్పి తెలియదు, మీరు మళ్లీ రింగ్‌లోకి దిగుతారు. పైగా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తస్రావం ముప్పు పెంచవచ్చు. చెమటతో నీరు పోయిన ఒంట్లో కిడ్నీలకూ మంచివి కావు.

తలనొప్పి, తల తిరగడం, చూపు మసకబారడం, మతిమరుపు, వీటిలో ఏది ఉన్నా డాక్టర్ చూసి సరేననేదాకా స్పారింగ్ బంద్. నొప్పి పెరుగుతున్నా, వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. తెల్లారాక చూద్దామని ఆగొద్దు. ‘సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది కదా’ అని మర్నాడే గ్లోవ్స్ తొడిగేవాళ్లూ ఉంటారు. సీటీలో రక్తస్రావం కనిపిస్తుంది, కంకషన్ మాత్రం చాలావరకు కనిపించదు.

అలీ పేరు ఎత్తారు కాబట్టి ఆయన సంగతే చెబుతాను. పెన్సిల్వేనియాలోని డీర్ లేక్ క్యాంపులో స్పారింగ్ చేసేవాళ్లతో కావాలనే కొట్టించుకునేవాడు, ఒళ్లు రాటుదేలుతుందని. మెదడు రాటుదేలదు. 1977లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ తర్వాత అలీ కిడ్నీల రిపోర్టు చూసి ఆయన డాక్టర్ ఫెర్డీ పచేకో భయపడ్డాడు. ఆ సంగతి ఉత్తరాల్లో రాసి పంపితే ఎవరూ జవాబివ్వలేదు. పచేకో టీమ్ వదిలేసి వెళ్లిపోయాడు.

1980లో 38 ఏళ్ల వయసులో అలీ, ఒకప్పుడు తన దగ్గరే స్పారింగ్ చేసిన లారీ హోమ్స్‌తో తలపడ్డాడు. ఆ పోటీకి ముందు వాడినవి థైరాయిడ్ మాత్రలే. రాసింది డాక్టరే, రాసినదానికంటే ఎక్కువ వేసుకున్నది ఆయన. బరువు తగ్గి, చాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ను ఓడించిన 1974 నాటి అలీలా కనిపించాడు. రింగ్‌లో మాత్రం కాళ్లు కదల్లేదు, చేతులు లేవలేదు. పదో రౌండ్ అయ్యాక ట్రైనర్ ఏంజెలో డండీ పోటీ ఆపించేశాడు. తప్పంతా మాత్రదే అనను, వయసూ ఉంది. కానీ థైరాయిడ్ జబ్బు లేనివాళ్లు ఈ మాత్ర మింగితే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది, గుండె దడ పెరుగుతుంది, లయ కూడా తప్పవచ్చు. 1984లో, 42 ఏళ్లకే, అలీకి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నట్టు బయటపడింది. దెబ్బలే కారణమని ఖాయంగా చెప్పలేం. వాటి పాత్ర ఉందనుకునే డాక్టర్లు మాత్రం చాలామందే ఉన్నారు. బాక్సర్లలో వచ్చే మెదడు జబ్బు గురించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టర్ 1928లోనే రాశారు.

అక్క మాత్ర ఈరోజే ఆపండి. ఆమె రిపోర్టు చూసి ఆమెకు రాసిన మందు అది. ఇంట్లో ఉంది కదా అని తలా కాస్త వేసుకోవడానికి ఊరగాయ కాదు. ఒకటి రెండు రోజుల్లో ఫిజీషియన్‌ను కలవండి, ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు అవసరం కావచ్చు. దడ, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే ఆరోజే వెళ్లండి.

ఇక మెడ. టైసన్ నెక్ బ్రిడ్జ్ చేసేవాడు, నిజమే. చిన్నప్పటి నుంచే న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్‌లో ట్రైనర్ కస్ డమాటో కళ్లముందు తయారై, 1986లో 20 ఏళ్లకే చాంపియన్ అయినవాడు. మీకు వీడియో తప్ప చూసేవాళ్లు లేరు. బరువంతా తల మీద మోపితే మెడ డిస్కులు దెబ్బతినవచ్చు. చేతుల్లోకి తిమ్మిరి పాకితే అసలు చేయకండి. చేత్తో తలను నెట్టి పట్టే ఐసోమెట్రిక్ వ్యాయామాలు ఫిజియో దగ్గర నేర్చుకోండి. ఎన్నాళ్లంటే చెప్పలేను, కొంత పుట్టుకతో వచ్చేది. వందల బస్కీల తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఆరోజే ఆస్పత్రికి వెళ్లండి. గుడ్లు ఉడికించి తినండి, ప్రొటీన్ ఇంకా బాగా ఒంటబడుతుంది.

మిమ్మల్ని చూడకుండా రాస్తున్న మాటలివి. పరీక్ష చేసిన డాక్టర్ చెప్పిందే ఫైనల్. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన మాత్రల షీట్లన్నీ పట్టుకెళ్లండి. తలనొప్పి సంగతి కోచ్‌కు కూడా చెప్పండి, బౌట్ నుంచి తప్పిస్తారని దాచకండి.