గొంతునొప్పితో మొదలుపెట్టు

పర్లాకిమిడి

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం, జ్వరం, గొంతునొప్పి తెచ్చే ఎప్‌స్టీన్-బార్ వైరస్ గురించి రాసింది, రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను: "క్యాన్సర్ తెచ్చే ఈ వైరస్ నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో దాగి ఉంది." రెండు ముక్కలూ దేనికది చూస్తే తప్పు కాదు. పక్కపక్కన పెట్టేసరికి బెదిరింపయ్యాయి. చదివిన తల్లి పిల్లాడి మెడ తడిమి చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటుంది.

మా మనవడికి పదిహేడో ఏట వచ్చింది ఈ వైరస్ తెచ్చే జబ్బు. వారం రోజుల జ్వరం, మంచినీళ్లు కూడా మింగలేని గొంతు, మెడకి రెండు పక్కలా బిళ్లలు. ఒక మందుల షాపులో అడిగితే అమాక్సిసిలిన్ ఇచ్చారు, బాక్టీరియాని చంపే మందు. వైరస్ మీద అది పనిచెయ్యదు. నాలుగో రోజుకి వీపు, ఛాతీ ఎర్రగా పేలిపోయాయి. మా ఆవిడ అమ్మవారనుకుని గుమ్మానికి వేపమండలు కట్టింది. శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి మోనోన్యూక్లియోసిస్ అన్నారు, ఈ వైరస్ తెచ్చే జ్వరానికి పేరది. ఈ వైరస్ ఒంట్లో రేగినప్పుడు ఆ మందు వేస్తే చాలామందికి అలా దద్దుర్లు వస్తాయట. ఈ సంగతి నీ వ్యాసంలో పదకొండో పేరాలో ఉంది. పైకి తీసుకురా. మన ఊళ్లలో పనికొచ్చేది అదే.

"తెస్తుంది" అన్న మాట దగ్గర చెయ్యి ఆపు. ఈ వైరస్‌తో ముడిపడ్డ బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ ఎక్కువగా కనబడేది ఆఫ్రికాలో, ఏడాది పొడుగునా మలేరియా ఉండే చోట్ల. వైరస్‌తో పాటు మలేరియా కూడా తోడవ్వాలి. మలేరియా మన కొండ ఊళ్లకి కొత్త కాదు కాబట్టి ఈ వాక్యం ఇంకా జాగ్రత్తగా రాయాలి. మెదడునీ వెన్నుపామునీ దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ సంగతీ అంతే. 2022లో వచ్చిన అధ్యయనం కోటిమందికి పైగా అమెరికా సైనికుల వివరాలు చూసి, వైరస్ సోకాక ఆ జబ్బు ముప్పు 32 రెట్లు పెరిగిందని చెప్పింది. పెద్ద మాటే. అయితే వైరస్ దాదాపు అందరిలో ఉంది, జబ్బు బహు కొద్దిమందికే వస్తుంది. ఈ రెండో వాక్యం లేకుండా మొదటిది అచ్చుకి పంపకు.

చరిత్ర భాగం మాత్రం పెంచు. ఉగాండా పిల్లల దవడ కణితుల గురించి, అక్కడ పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్ చెప్పగా విన్న శాస్త్రవేత్త ఆంథొనీ ఎప్‌స్టీన్, వాటి ముక్కల్ని లండన్‌కి తెప్పించుకునేవాడు. ఒకసారి పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌లో దిగింది. నమూనా ఆలస్యంగా చేరేసరికి సీసాలో నీరు మబ్బుగా ఉంది. కుళ్లిందని పారబొయ్యకుండా మైక్రోస్కోపు కింద పెడితే, విడివడి తేలుతున్న కణితి కణాలు! అలాంటి కణాల్ని పెంచి చూస్తేనే 1964లో వైరస్ కంటబడింది. ఆ పనిలో ఇవోన్ బార్‌తో పాటు బెర్ట్ అచాంగ్ కూడా ఉన్నాడు. వైరస్ పేరులో ఆయనకి చోటు దొరకలేదు, నీ వ్యాసంలోనూ లేదు. చేర్చు తల్లీ.

ఇక భాష. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉన్నవాణ్ణి, వైరస్ ఎలా అంటుతుందో చెప్పేచోట "లాలాజలం" చూస్తే బాధేస్తుంది. "ఎంగిలి" అను, ఒక్క మాటలో అర్థమవుతుంది. అయితే ఆ మాటలో నింద కూడా ఉంటుంది. అందుకని వెంటనే చెప్పు: ఇది ఎవరి తప్పూ కాదు, చాలామందికి చిన్నప్పుడే సోకి తెలియకుండా పోతుంది, ఈడొచ్చాక మొదటిసారి సోకితేనే ఎక్కువగా మంచాన పడతారు.

అలాగే "ప్లీహవృద్ధి" కొట్టేసి, "కడుపులో ఎడమపక్క బల్ల పెరగొచ్చు" అని రాయి. బల్లంటే ప్లీహమే, మలేరియా చూసిన ముసలమ్మలకి ఆ మాట తెలుసు. జ్వరం తగ్గాక కూడా కొన్ని వారాలు కబడ్డీ ఆడకూడదని, బస్తాలు మొయ్యకూడదని, బల్ల పగిలితే ప్రాణం మీదకొస్తుందని, ఎడమ డొక్కలో ఉన్నట్టుండి నొప్పి పుడితే ఆస్పత్రికి పరుగెత్తాలని దాని పక్కనే రాయి. మా వాడు పదో రోజునే బ్యాటు పట్టుకుని బయల్దేరాడు. వాళ్లమ్మ వీధి తలుపుకి అడ్డంగా నిలబడింది.

మీ
మాస్టారు