స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటాక కూడా ఫిజియోథెరపీ వల్ల ఉపయోగం ఉంటుందా?

71 ఏళ్ళ మీ అమ్మగారికి స్ట్రోక్ వచ్చి ఐదు నెలలైందనీ, కర్ర ఆసరాతో గదిలో నాలుగడుగులు వేయగలుగుతున్నారు గానీ కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదనీ రాశారు. ఆరు నెలలు దాటితే ఇక మార్పు ఉండదని తెలిసినవాళ్ళంతా అంటున్నారనీ, ఫిజియోథెరపీ ఆపేయాలో, పెద్ద యంత్రాలున్న కేంద్రానికి మార్చాలో తేల్చుకోలేకపోతున్నామనీ అడిగారు. నేను వైద్యురాలిని కాను. మా అత్తగారికి 68వ ఏట స్ట్రోక్ వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన నాటి నుంచి మూడేళ్ళుగా ఆవిడ పక్కనే ఉన్న మనిషిని. కళ్ళారా చూసినదాన్నీ, అవసరం కొద్దీ చదివి తెలుసుకున్నదాన్నీ కలిపి చెబుతున్నాను: దయచేసి ఆపకండి. అయితే ఇప్పుడు జరుగుతున్నట్టే జరగనిస్తే కూడా పెద్దగా ఫలితం కనిపించకపోవచ్చు. ఫిజియోథెరపిస్టు గారు వచ్చే ఆ ఒక్క గంట గురించి మీరు వివరంగా రాశారు, మిగిలిన వేళల్లో అమ్మగారు ఏం చేస్తున్నారో మాత్రం ఎక్కడా రాయలేదు. మా ఇంట్లో మార్పు మొదలైంది ఆ మిగిలిన వేళల్లోనే.

ముందు ఆరు నెలల మాట ఎలా పుట్టిందో చెబుతాను, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. మెదడులో ఒక భాగానికి రక్తం అందక దెబ్బ తగిలాక, చుట్టూ వచ్చిన వాపు తగ్గడం, చనిపోకుండా స్తబ్ధుగా ఉండిపోయిన కణాలు మళ్ళీ పనిలోకి దిగడం, నాడుల మధ్య కొత్త దారులు ఏర్పడడం తొలి మూడు నెలల్లో చాలా చురుగ్గా జరుగుతాయి. ఆ రోజుల్లో వారం తిరిగేసరికి ఏదో ఒక కొత్త కదలిక కనిపిస్తుంది. తర్వాత ఆ వేగం బాగా తగ్గుతుంది, రోజూ చూసేవాళ్ళకు అసలు మార్పే లేనట్టు అనిపిస్తుంది. నెమ్మదించడాన్ని ఆగిపోవడం అనుకోవడం వల్ల వచ్చిన మాట అది. 2006లో ఫలితాలు వెలువడిన ఎక్సైట్ అనే అమెరికా పరిశోధనలో స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని తీసుకున్నారు. వారిలో కొందరికి బాగున్న చేతికి తొడుగు వేసి, మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం దాన్ని తీయనివ్వకుండా, రెండు వారాల పాటు బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. ఏడాది తర్వాత చూసినా, మామూలు చికిత్స పొందినవారికంటే వాళ్ళ చెయ్యి మెరుగ్గా పనిచేస్తోంది.

ఆ పద్ధతిని రూపొందించిన ఎడ్వర్డ్ టాబ్ చెప్పిన కారణం చదివినప్పుడు నాకు మా అత్తగారే కళ్ళ ముందు కనిపించారు. మొదటి రోజుల్లో కదపబోయిన ప్రతిసారీ చెయ్యి మాట వినకపోతే, మనిషి దాన్ని వాడకుండా పనులు నెట్టుకురావడం నేర్చుకుంటారు. కొన్ని నెలలకు చేతిలోకి కాస్త శక్తి తిరిగి వచ్చినా, అప్పటికే అలవాటు బలపడి ఉండడం వల్ల ఆ శక్తిని వాడుకోరు. మా అత్తగారిది కుడిచేతి వాటం, పడిపోయింది ఎడమ చెయ్యి, కాబట్టి ఆవిడకు దాని అవసరమే లేకుండా రోజు గడిచిపోయేది. కళ్ళజోడు డబ్బా తెరవాలంటే దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుడి బొటనవేలితో మూత పైకి నెట్టేవారు, ఎడమ చెయ్యి పక్కన దిండు మీద పడి ఉండేది. ఏడో నెలలో ఒకరోజు మా ఫిజియోథెరపిస్టు గారు ఆ డబ్బాను బల్ల మీద పెట్టి, ఆవిడ ఎడమ అరచేతిని దాని మీద ఆనించి, "అమ్మా, ఈ చెయ్యి దీన్ని తెరవక్కర్లేదు, జారిపోకుండా పట్టుకుంటే చాలు" అన్నారు. డబ్బా రెండుసార్లు జారింది. మూడోసారి వేళ్ళు తెల్లబడేలా నొక్కిపట్టారు, మూత టప్పున తెరుచుకుంది. ఆ రోజు నుంచి కళ్ళజోడు తీయాల్సి వచ్చిన ప్రతిసారీ, అంటే రోజుకు పది పన్నెండు సార్లు, ఎవరూ గుర్తు చేయకుండానే ఆ చేతికి పని దొరికింది. మీ అమ్మగారికి దెబ్బతిన్నది కుడి చెయ్యి, అది ఆవిడ వాటం చెయ్యే అయితే దాన్ని వాడాలన్న కోరిక లోపల నుంచే ఉంటుంది, ఆ కోరికకు తగినంత తేలికైన పని మీరు వెతికిపెట్టాలి.

ఎన్నిసార్లు చేస్తున్నారన్నది నిజంగా లెక్కలోకి తీసుకోవలసిన విషయం. 2009లో ప్రచురితమైన ఒక పరిశీలనలో అమెరికా, కెనడాలలో స్ట్రోక్ రోగులకు జరుగుతున్న 312 చికిత్సా సమయాలను గమనించి, ఎన్ని కదలికలు చేయిస్తున్నారో లెక్కపెట్టారు. చేతితో పనికొచ్చే కదలికలు సాధన చేయించిన సందర్భాల్లో అవి సగటున 32 సార్లు మాత్రమే ఉన్నాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించడానికి రోజూ వందల సార్లు సాధన చేయించవలసి వచ్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2023లో, తట్టుకోగలిగినవారికి అన్ని రకాల పునరావాస చికిత్సలూ కలిపి రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు ఇవ్వాలని సూచించడానికి వెనుక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే. అంతసేపు చికిత్సకుణ్ణి ఇంటికి రప్పించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, మేము ఒక నోటు పుస్తకంలో గీతలు పెట్టుకుంటూ ఆ లెక్కను రోజంతా పంచుకున్నాం. కుర్చీలోంచి లేవడం ఉదయం పదిసార్లు, మధ్యాహ్నం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. గ్లాసును బల్ల మీద ఈ గీత నుంచి ఆ గీతకు జరపడం పూటకు ముప్ఫైసార్లు. నేను పెట్టిన గీతలకంటే ఆవిడ తన చేత్తో పెట్టుకున్న గీతల మీద ఆవిడకు ఎక్కువ పట్టుదల ఉండేది.

నేను చేసిన పెద్ద పొరపాటు కుర్చీ దగ్గర జరిగింది. ఆవిడ లేవాలనుకున్న ప్రతిసారీ చంకల్లో చేతులు వేసి ఎత్తి నిలబెట్టేదాన్ని, ఆలస్యం చేస్తే ఆవిడకు చిన్నతనంగా అనిపిస్తుందేమోనని భయపడి ఇంకా తొందరగా లేపేదాన్ని. "మీరు లేపుతున్నంతకాలం ఆవిడ కాళ్ళు లేవడం నేర్చుకోవు" అని ఫిజియోథెరపిస్టు గారు మెత్తగానే చెప్పారు. కుర్చీ అంచుకు జరిగి కూర్చోవాలి, పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి రావాలి, ముక్కు కాలివేళ్ళను దాటేంతవరకు ముందుకు వంగాలి, అప్పుడే పైకి లేవాలి. చాలామంది పెద్దవాళ్ళు పడిపోతామన్న భయంతో వెనక్కి వాలి లేవబోతారు, బరువు పాదాల మీదికి రాకుండానే లేవాలని చూడడం వల్ల మళ్ళీ కుర్చీలో కూలబడతారు. కదలిక వచ్చాక, బలహీనమైన పాదాన్ని రెండోదానికంటే అంగుళం వెనక్కి పెట్టించారు, అలా చేస్తే బరువు ఆ కాలి మీదికి తప్పనిసరిగా వస్తుంది. మొదట్లో గట్టి దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచాం, రెండు నెలలకు దిండు తీసేశాం. ఆ రెండు నెలలూ నా చేతులు వెనక్కి కట్టుకుని ఎదురుగా నిలబడడం నాకు ఎంత కష్టమైందో మాటల్లో చెప్పలేను, ఆవిడ లేవడానికి పడే ఆ అర నిమిషం నాకు చాలా పొడుగ్గా ఉండేది. పడబోతే పట్టుకునేంత దగ్గరలో మాత్రం ఉండాలి.

భుజం విషయంలో మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. భుజం కీలులో ఎముక గుండు చాలా తక్కువ లోతున్న గుంటలో ఉంటుంది, దాన్ని అక్కడ పట్టి ఉంచేవి ప్రధానంగా చుట్టూ ఉన్న కండరాలే. అవి వదులైపోతే చేతి బరువుకే ఎముక కిందికి జారుతుంది. చూడడానికి వచ్చిన బంధువొకరు ఎంతో ప్రేమగా మా అత్తగారి ఎడమ చెయ్యి పట్టుకుని మంచం మీద నుంచి పైకి లాగారు. ఆ నొప్పి ఏడు వారాలు ఉంది, ఆ ఏడు వారాలూ చేతి వ్యాయామాలు దాదాపు ఆగిపోయాయి. అందుకే ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పండి: ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదు, చంక కింద నుంచి ఎత్తకూడదు, కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు ఉండాలి. అలాగే మెత్తటి బంతి పిసికిస్తున్నామని రాశారు కదా, దాని గురించి మీ ఫిజియోథెరపిస్టు గారిని మళ్ళీ ఒకసారి అడగండి. మా అత్తగారి వేళ్ళు బిగుసుకుని ముడుచుకుపోతుండేవి, ముడుచుకోవడం వాటికి ఎలాగూ వచ్చు, రానిది తెరుచుకోవడం. మా ఫిజియోథెరపిస్టు గారు మొదటి వారంలోనే బంతి తీసేయించి, వేళ్ళు తెరిచి గ్లాసును వదిలిపెట్టడం నేర్పించారు.

యంత్రాల కేంద్రం గురించి. ఒంటి బరువును పట్టీలతో పైకి ఆపి, కదిలే పట్టా (ట్రెడ్‌మిల్) మీద నడిపించే పద్ధతిని, ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి చేయించే బలం పెంచే, తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలతో పోల్చి అమెరికాలో 408 మంది మీద లీప్స్ అనే పరిశోధన చేశారు. 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది చివరకు మొత్తం మీద 52 శాతం మంది నడక మెరుగైంది, యంత్రం మీద నడిచినవారికీ ఇంట్లో వ్యాయామాలు చేసినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరు నెలలు గడిచాక యంత్రం మీద శిక్షణ మొదలుపెట్టినవారు కూడా ఆ మెరుగైనవారిలో ఉన్నారు. కేంద్రానికి వెళ్ళి రావడంలోనే అమ్మగారి ఓపికంతా అయిపోతుందనుకుంటే, ఇంట్లోనే ఉంచినందుకు మీరేమీ బాధపడనక్కర్లేదు.

ఆస్పత్రిలో మొదటి రోజే లేపి కూర్చోబెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదేమోనని మీరు రాసిన వాక్యం చదివి నాకు బాధ కలిగింది. ఐదు దేశాల్లో 2,104 మంది మీద జరిగిన అవర్ట్ అనే పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువసార్లు మంచం దింపి లేపినవారిలో, మామూలు పద్ధతిలో చూసుకున్నవారికంటే, మూడు నెలలకు బాగా కోలుకున్నవారు తక్కువగా ఉన్నారు. దయచేసి ఆ బరువును మనసులోంచి దించుకోండి.

పడిపోవడం గురించి ఒక్క సంఘటన చెబుతాను. ఎనిమిదో నెలలో, నడక బాగా కుదురుకుందని మేమందరం సంతోషంగా ఉన్న రోజుల్లో, గుమ్మం దాటుతున్న ఆవిడను నేను వెనక నుంచి పిలిచాను. ఆవిడ సమాధానం చెబుతూ వెనక్కి తిరగబోయి పడిపోయారు. ఎముక విరగలేదు గానీ ఆ తర్వాత మూడు వారాలు గోడ వదలలేదు. స్ట్రోక్ తర్వాత నడకకు పూర్తి ధ్యాస కావాలి, మాట్లాడుతూ తిరగడమంటే ఒకేసారి రెండు పనులు. అప్పుడు మా ఫిజియోథెరపిస్టు గారు తూలకుండా ఎంత నిలదొక్కుకోగలరో కొలిచే బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్ అనే పరీక్ష చేశారు, అందులో 14 అంశాలకు 56 మార్కులు ఉంటాయి. ఆవిడకు 38 వచ్చాయి. ఎక్కడ తక్కువ వచ్చిందో చూస్తే, సరిగ్గా వెనక్కి తిరిగి చూడడంలోనూ ఉన్నచోటే గుండ్రంగా తిరగడంలోనూ వచ్చింది. ఆ రెండూ రోజూ వంటగది గట్టు పట్టుకుని సాధన చేయించాం, నాలుగు నెలలకు 47 వచ్చాయి. కంటికి కనిపించని మార్పు అంకెల్లో కనిపించడం ఆవిడకు ఎంత ధైర్యాన్నిచ్చిందో చెప్పలేను, అందుకే నెలకొకసారి ఏదో ఒక కొలత తీసుకోమని గట్టిగా చెబుతాను.

కొన్ని రోజులు అమ్మగారు ఏమీ చేయనంటారు. అది మొండితనం అనుకోకండి. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట మామూలు అలసట లాంటిది కాదు, నిద్రపోయినా తీరదు. కుంగుబాటు కూడా చాలామందికి వస్తుంది, దానికి చికిత్స ఉంది. రెండు వారాలకు మించి ఆసక్తి లేకుండా ఉంటే వైద్యుడికి చెప్పండి. ఉన్నట్టుండి కొత్తగా బలహీనతో, మాట తడబాటో కనిపిస్తే మాత్రం వ్యాయామం మాట మరిచిపోయి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

వ్యాఖ్యల్లో ఒకరు పార్కిన్సన్స్ ఉన్న తమ నాన్నగారికీ ఇవే చేయించవచ్చా అని అడిగారు. అక్కడ సమస్య వేరు, కాళ్ళలో బలం ఉన్నా అడుగు మొదలవక గుమ్మాల దగ్గర నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. నేల మీద అడ్డంగా గీతలు గీసి వాటిని దాటమనడం, లయగా వినిపించే తాళానికి తగ్గట్టు నడిపించడం వారికి బాగా పనిచేస్తాయి, కాబట్టి ఆ జబ్బు తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరే నేర్చుకోవాలి.

మీరు చేయవలసింది రేపటి గంటతోనే మొదలుపెట్టవచ్చు. ఫిజియోథెరపిస్టు గారిని, అమ్మగారి కుడి మణికట్టూ వేళ్ళూ బల్ల మీద నుంచి కొద్దిగానైనా పైకి లేస్తున్నాయో లేదో చూడమనండి. లేస్తుంటే బాగున్న చేతికి తొడుగు వేసే పద్ధతి ఆవిడకు సరిపడుతుందేమో అడగండి. లేవకపోతే, ఆ చెయ్యి ఏదో ఒకదాన్ని కదలకుండా ఆపి ఉంచే పని, రోజులో తనంతట తానే పదిసార్లు ఎదురయ్యే పని, ఇద్దరూ కూర్చుని ఒకటి ఎంచుకోండి. మా అత్తగారు ఇప్పటికీ ఎడమ చేత్తో గుండీ పెట్టుకోలేరు. కళ్ళజోడు డబ్బా మాత్రం గాల్లోనే పట్టుకుని తెరుస్తారు.