టెక్ సందేహాలు: మార్పులు చేసిన పాత మియాటా కొనొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. టాప్ తీసుకుని తిరిగే రెండు సీట్ల కారు కొనుక్కోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఇప్పుడు 2004 మాజ్డా మియాటా ఒకటి అమ్మకానికి వచ్చింది. 92 వేల మైళ్లు తిరిగింది. బయట కొని పెట్టించిన టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసేది), వేరే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), కిందికి దించిన సస్పెన్షన్, బోల్తా పడితే తలని కాపాడే రోల్ బార్ ఉన్నాయి. 'బాగా ట్యూన్ చేయించాను, 230 హార్స్‌పవర్ వస్తోంది' అంటున్నాడు అమ్మే అతను. నేను 20 డాలర్లు పెట్టి, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ ఒకటి కొన్నాను. దాంతో చూసుకుంటే సరిపోతుందా? ఇంట్లో వాళ్లకి మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్కానర్ కొని మంచి పని చేశారు. కానీ ఈ కారు దగ్గర అది అసలు కనెక్టే కాకపోవచ్చు. అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కారుకూ ఓబీడీ-2 పోర్టు ఉంటుంది. ఆ పోర్టుకి జవాబిచ్చేది కంపెనీ ఈసీయూ. దాన్ని తీసేసి మెగాస్క్విర్ట్ లాంటి విడి ఈసీయూ పెడితే, ఈ తరం మియాటాల్లో చాలా వరకు పోర్టు మూగబోతుంది. స్కానర్ పెట్టగానే 'నో కనెక్షన్' అని వస్తే వెంటనే స్కానర్ పాడైందనుకోకండి. కంపెనీ ఈసీయూని తీసేసి ఉండొచ్చు.

దీంతో మీకు రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కు వస్తుంది. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. దాంతో ఇక ఏ పరీక్షా లేదని చాలామంది అనుకుంటున్నారు. పొగ పరీక్ష మాత్రం కొన్ని కౌంటీల్లో అలాగే ఉంది. ఫ్రిస్కో విస్తరించిన కాలిన్, డెంటన్ కౌంటీలు రెండూ అందులోవే. 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోల్ కార్లకు అది తప్పనిసరి. ఓబీడీ-2 కార్లకు ఆ పరీక్ష చేసేది పోర్టు ద్వారానే. పోర్టు జవాబివ్వకపోతే కారు పాస్ కాదు.

అందుకే అమ్మే అతన్ని ముందుగా అడగాల్సింది హార్స్‌పవర్ గురించి కాదు. 'పోయినసారి పొగ పరీక్ష ఎలా పాసైంది?' అని అడగండి. 'తెలిసినవాళ్లున్నారు' అంటే మర్యాదగా సెలవు తీసుకోండి. 'పాత ఈసీయూ పెట్టి పాస్ చేయించాను' అంటే, ఆ ఈసీయూ, దాని సెన్సర్లు, తీసేసిన ఒరిజినల్ పార్టులు అన్నీ బేరంలో కలిసి రావాలని పట్టుబట్టండి. అవి అతని గరాజ్‌లో మిగిలిపోతే వచ్చే ఏడాది మీరు వాటి కోసం ఊరంతా వెతకాల్సి వస్తుంది.

ఒకవేళ స్కానర్ కనెక్ట్ అయితే కోడ్‌లు లేవని చూసి అక్కడే ఆగిపోకండి. కోడ్‌లు చెరిపెయ్యడం ఒక్క బటన్ పని. రెడీనెస్ మానిటర్లు అనే పేజీ తెరవండి. పొగకు సంబంధించిన భాగాలను కారు తనంతట తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అందులో ఉంటుంది. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ తీసినా ఆ మానిటర్లు 'నాట్ రెడీ'కి వెళ్లిపోతాయి. మళ్లీ సిద్ధం కావాలంటే కొన్ని రోజులు మామూలుగా నడపాలి. 2001, ఆ తర్వాతి మోడళ్లలో ఒక మానిటర్ వరకు సిద్ధంగా లేకపోయినా పరీక్షలో ఒప్పుకుంటారు, అంతకు మించితే కాదు. మూడు నాలుగు అలా కనిపిస్తే, మీరు రాబోయే ముందే ఎవరో కోడ్‌లు తుడిచో, బ్యాటరీ తీసో ఉంటారన్నమాట. వారం ఆగి మళ్లీ వస్తానని చెప్పండి. కారులో ఏ లోపమూ లేకపోతే అతనికీ అభ్యంతరం ఉండదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కంపెనీ నుంచి వచ్చిన మియాటా అయితే ఆ ఇంజిన్ ఎంత గాలికి ఎంత పెట్రోల్ పోయాలో మాజ్డా ఇంజనీర్లు లెక్క కట్టి పెట్టారు. అమెరికాలో 2004 మామూలు మియాటా 142 హార్స్‌పవర్‌ది. దానికి టర్బో తగిలించి 230 తీస్తున్నారంటే, ఆ లెక్కంతా ఎవరో ఒకాయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మళ్లీ రాసి ఉండాలి. మీరు డబ్బు పెట్టేది ఆయన పనితనం మీద. కాబట్టి ఆ పని చూపించమని అడగండి. ఆ లెక్కలున్న ట్యూన్ ఫైల్ కావాలి. ఫుల్ యాక్సిలరేటర్‌తో నడిపినప్పుడు తీసిన డేటా లాగ్, అంటే ఇంజిన్ అంకెల రికార్డు కూడా కావాలి. మెగాస్క్విర్ట్ అయితే ట్యూన్‌ని ట్యూనర్‌స్టూడియోలో, లాగ్‌ని మెగాలాగ్‌వ్యూయర్‌లో తెరవొచ్చు. రెండింటికీ ఉచిత వెర్షన్లున్నాయి. మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లు, అరగంటలో అర్థమైపోతుంది.

అందులో ఏం చూడాలో చెబుతాను. పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువు లెక్కన 1 వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి. టర్బో గట్టిగా తోస్తున్నప్పుడు మాత్రం ఇంజిన్ వేడెక్కి దెబ్బతినకుండా పెట్రోల్ ఎక్కువ పోస్తారు. అప్పుడు ఆ అంకె 11.5, 12 మధ్య ఉండడం మామూలు. పోయినేడాది డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఇలాంటి కారే చూసి లాగ్ నాకు పంపాడు. రాత్రి భోజనాలయ్యాక తెరిచాను. 5,400 ఆర్‌పీఎం దాకా గీత 11.7 దగ్గర చక్కగా నిలబడింది. అక్కణ్నుంచి 12.4, 12.9, 13.5 అని మెల్లగా పైకి పాకింది. కింద ఇంజెక్టర్ డ్యూటీ గీత చూస్తే 98 శాతం. అంటే ఇంజెక్టర్లు దాదాపు మూసుకోకుండా పోస్తున్నా పెట్రోల్ చాలడం లేదు. గేర్ మార్చకుండా ఇంకాస్త లాగి ఉంటే పిస్టన్ కరిగేదే. అమ్మే ఆయన మోసగాడేం కాదు, పాపం. ఎవరో ట్యూన్ చేసిచ్చారు, ఈయన నడుపుకున్నాడు, ఆ లాగ్‌ని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. మా తమ్ముడు ఆ బేరం వదులుకున్నాడు.

లాగ్ లేదంటే మీరే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పక్క సీట్లో కూర్చుని తీయండి. ఈ గాలి, పెట్రోల్ అంకెని కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉందో లేదో ముందే అడగండి. టర్బో పెట్టి అది పెట్టలేదంటే, ట్యూన్ చేసినవాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని చేశారనే లెక్క. ఫైల్ ఇవ్వనన్నా, పాస్‌వర్డ్ వేరే ట్యూనర్ దగ్గర ఉందన్నా నేనైతే కొనను. రేపు ఒక సెన్సర్ మార్చాల్సి వచ్చినా అతని కాళ్లా వేళ్లా పడాలి.

ఇంజిన్ లోపల ఎలా ఉందో తెలియాలంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో), లీక్‌డౌన్ టెస్ట్ (అందులోంచి గాలి ఎంత కారిపోతోందో) రెండూ చేయించాలి. నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గర దగ్గరగా రావాలి. కంప్రెషన్‌లో ఒకటి మిగతావాటికన్నా 10, 15 శాతం తగ్గిందంటే ఏదో తేడా ఉంది. మియాటాలు బాగా తెలిసిన మెకానిక్ చేత చేయించండి, అమ్మే అతను చెప్పిన షాపులో వద్దు. కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. మీరొచ్చే ముందే వేడి చేసి పెట్టారంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగో చప్పుడో మీకు కనిపించకూడదనేమో. టైమింగ్ బెల్ట్ కూడా మరిచిపోకండి. 60 వేల మైళ్లకు మార్చాల్సింది. బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని బేరమాడండి.

ఇంకో సంగతి కొత్తవాళ్లకి తెలియదు. డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎప్పుడూ మధ్యలో హాయిగా నిలబడి ఉంటుంది. చూసి మురిసిపోకండి. 1995 మోడల్ మధ్య నుంచి మాజ్డా ఆ మీటర్‌ని నిజమైన కొలత చూపించేదిగా ఉంచలేదు. కాస్త ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు మధ్యకి వచ్చేస్తుంది. టర్బో బేరింగ్ బతికేదే ఆయిల్ మీద. అంత ఖర్చు పెట్టిన మనిషి విడిగా అసలైన ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించాడా లేదా చూడండి. జాగ్రత్తగా కట్టిన కారో, జోరు కోసం కట్టిన కారో ఈ ఒక్కదాంతో చాలా వరకు తెలిసిపోతుంది.

ఇది టాప్ తీసే కారు కాబట్టి నీళ్ల సంగతి. టాప్ మీద పడిన వాన సీట్ల వెనక రెండు వైపులా ఉన్న సన్నటి డ్రెయిన్ దారుల్లోంచి కిందికి పోతుంది. ఆకులు, దుమ్ము పడి అవి మూసుకుంటే నీళ్లు తలుపు కింది బాడీలోకి దిగి లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. నేను చూసిన ఒక మియాటాలో సువాసన గుప్పుమంది. పైకి తళతళలాడుతోంది. డ్రైవర్ సీటు ముందుకు జరిపి, వెనక కార్పెట్ మీద అరచేత్తో గట్టిగా నొక్కాను. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయి. వాన పడి అప్పటికి నాలుగు రోజులైంది. మీరూ అక్కడ నొక్కి చూడండి. ఒక గ్లాసు నీళ్లు డ్రెయిన్ దగ్గర మెల్లగా పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కింద నుంచి అవి కారాలి. అక్కడే వంగి వెనక చక్రాల ముందు భాగంలో పెయింట్ ఉబ్బిందేమో, కారు కింద ముందు వైపు బాడీని మోసే ఉక్కు దూలాలకు (ఫ్రేమ్ రెయిల్స్) తుప్పుందేమో టార్చి వేసి చూడండి. డిక్కీలో కుడివైపు బ్యాటరీ ఉంటుంది. గ్యాస్ బయటికి పోయే పైపు లేని మామూలు బ్యాటరీ పెట్టేస్తే చుట్టూ రేకు తినేస్తుంది. దాని కింద కూడా చూడండి.

ఇంట్లో వాళ్ల టెన్షన్ నిజమైనదే. అది రోల్ బార్ ఉందని చెబితే పోయేది కాదు. రోల్ బార్ మీ తలకి ఎంత దూరంలో ఉందో సీట్లో కూర్చుని చూడండి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే హెల్మెట్ లేని తల ఆ ఇనుప గొట్టానికి కొట్టుకుంటుంది. మందపాటి, గట్టి ప్యాడింగ్ లేకపోతే వేయించాకే రోడ్డెక్కండి. స్టీరింగ్ మార్చేశారేమో చూడండి. మార్చారంటే ఎయిర్‌బ్యాగ్ పోయినట్టే. ఆ విషయం మీ ఇంట్లో వాళ్లకి తెలియాలి. టైర్ల లోపలి అంచులు అరిగిపోయి ఉంటే కిందికి దించాక అలైన్‌మెంట్ చేయించలేదన్నమాట.

కాగితాల పని తేలిక. విన్ నంబర్ (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకుని, ఇన్సూరెన్స్ మోసాలను పట్టే ఎన్ఐసీబీ సంస్థ సైట్‌లో దొంగ కారో, సాల్వేజ్ (ప్రమాదంలో బాగా దెబ్బతిన్న) కారో ఉచితంగా చూసుకోవచ్చు. రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిన వివరాలు) రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఉంటాయి. కారు చరిత్ర రిపోర్టులిచ్చే కార్‌ఫ్యాక్స్‌లో కారు ఏయే రాష్ట్రాల్లో తిరిగిందో చూడండి. మంచు పడే చోట రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పు అక్కణ్నుంచే వస్తుంది. 2010, అంతకుముందు మోడళ్లకు అమ్మేటప్పుడు ఓడోమీటర్ అంకె రాసివ్వాలన్న ఫెడరల్ నిబంధన వర్తించదు. 92 వేలన్నది అతని మాట మాత్రమే. పాత సర్వీస్ బిల్లుల్లో అంకెలు వరుసగా పెరుగుతూ వచ్చాయో లేదో మీరే కలిపి చూసుకోవాలి.

ధర విషయంలో మొహమాటపడొద్దు. 'సామాన్లకే ఇంత పోశాను' అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ డబ్బు ఆయన సరదాకి ఖర్చయింది, అది మీ బాకీ కాదు. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పులన్నీ ఫొటోలతో ముందే చెప్పండి. విలువ ముందుగా ఒప్పుకుని రాసుకునే పాలసీ దొరికితే తీసుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలోని శాన్ హోజే నుంచి రాస్తున్నాను. 2008 మియాటా, గట్టి టాప్ దానంతటదే మడత పడేది చూశాను. హెడర్ (ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టాలు) మార్చి, ఈసీయూ రీఫ్లాష్ చేసి అందులో సాఫ్ట్‌వేర్ మార్చారట. కిందటేడాదే స్మాగ్ (పొగ పరీక్ష) పాసైందంటున్నారు.

జవాబు: కిందటేడాది మాట వద్దండి. మీ రాష్ట్రంలో అమ్మేవాళ్లే 90 రోజుల లోపు తీసిన స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అదే అడగండి. 2021 జులై నుంచి అక్కడి స్మాగ్ పరీక్షలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు. కంపెనీదో, కార్బ్ (రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్నదో కాకపోతే ఫెయిల్. హెడర్‌కి కూడా కార్బ్ ఇచ్చిన ఈఓ (అనుమతి) నంబర్ ఉండాలి, ఆ నంబర్ వాళ్ల సైట్‌లో మీ మోడల్‌కి సరిపోతోందో చూసుకోవచ్చు. అమ్మే మనిషి కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేయించి, స్మాగ్ పాస్ చేయించి ఇస్తానంటే ముందుకెళ్లండి. టాప్‌ని అయిదారుసార్లు తెరిచి మూయించండి. 12 సెకన్లలో పనయిపోవాలి, మధ్యలో ఆగకూడదు.

ప్రశ్న: మాది హైదరాబాద్. సెకండ్‌హ్యాండ్ బీఎండబ్ల్యూ జెడ్4 చూస్తున్నాను. 'స్టేజ్ 1 రీమ్యాప్' అని పవర్ పెంచడానికి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చారు, ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) మార్చారు. మన దగ్గర ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. చప్పుడు చేసే ఎగ్జాస్ట్‌ని పోలీసులు రోడ్డు మీదే పట్టుకుంటారు. రీమ్యాప్ కంటికి కనిపించదు. కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర, ఇంజిన్ పాడైతే వారంటీ దగ్గర దాని మీద పేచీ పెట్టే అవకాశం ఉంది. పైగా సర్వీస్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పడితే ఆ రీమ్యాప్ చెరిగిపోతుంది, మీరు దానికి పెట్టిన డబ్బూ పోతుంది.

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఆర్సీ, ఇన్సూరెన్స్ వివరాలు చూడండి. బ్యాంకు లోన్ మిగిలి ఉందేమో ఆర్సీలో సరిచూడండి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క ఆర్టీఏలో కనుక్కున్నాకే ధర మాట్లాడండి. ఒరిజినల్ ఎగ్జాస్ట్ బిగించి, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేయించి, ఆ పని చేసిన సర్వీస్ సెంటర్ బిల్లు చేతికిచ్చాక అడ్వాన్స్ ఇవ్వండి.