గడప దాటని పిల్లికి టీకాలు ఎన్ని, ఎప్పుడు

చిరంజీవి కావ్యకు అత్తయ్య ఆశీస్సులు.

మూడో అంతస్తు దిగని పిల్లికి టీకాలెందుకు, పైగా ఏటా ఎందుకు అని అడిగావు. టీకాలు తప్పనిసరి. అయితే అన్నీ ఏటా అక్కర్లేదు. కూనగా ఉన్నప్పటి డోసులు సరైన వయసులో పూర్తి చేయించడమే అన్నిటికన్నా ముఖ్యం. ఆ తర్వాత రేబిస్‌ది ఒక లెక్క, మిగతా మూడు జబ్బులది ఇంకో లెక్క.

ఆ మూడిట్లో భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియాకి. కుక్కలకి వచ్చే పార్వో వైరస్‌కి దగ్గరి చుట్టమైన వైరస్ ఇది. పేగుల్ని, తెల్లరక్తకణాలని తయారుచేసే మజ్జని ఒకేసారి దెబ్బతీస్తుంది. టీకా పడని కూనకి సోకితే వాంతులు, విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ వైరస్‌కి పిల్లి బయటికి రానక్కర్లేదు. మెట్ల మీద వీధిపిల్లి మలం ఆనవాలు నీ చెప్పుకి అంటుకుంటే చాలు, ఇంట్లోకి వచ్చేస్తుంది. వచ్చాక నీడపట్టున నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. ఫినాయిల్‌కి చావదు. పైగా ఫినాయిల్ పిల్లికే విషం, ఇంట్లో పిల్లి ఉన్నాక దాన్ని మానెయ్యి. మామూలు బ్లీచ్ ద్రావణం ఒక వంతుకి 32 వంతుల నీళ్లు కలిపి, నేలని ముందు సబ్బుతో కడిగి, ఆ నీళ్లతో తడిపి 10 నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లతో తుడవాలి. అప్పుడే ఆ వైరస్ పోతుంది. తడి ఆరేదాకా పిల్లిని ఇంకో గదిలో ఉంచు.

మిగతా రెండూ హెర్పిస్, కాలిసి అనే వైరస్‌లు. తుమ్ములు, కంటి పుసి, నోటిపుళ్లు వీటివల్లే. వీటికి టీకా పడినా జబ్బు పూర్తిగా ఆగకపోవచ్చు, కానీ తేలిగ్గా పోతుంది. హెర్పిస్ ఒకసారి వచ్చిందంటే ఒంట్లోనే దాక్కుని, ఇల్లు మారినప్పుడో కొత్త పిల్లి వచ్చినప్పుడో మళ్లీ లేస్తుంది. ఈ మూడిటికీ కలిపి వేసేదాన్నే ట్రైక్యాట్ అంటారు.

నీ కూనకిప్పుడు 10 వారాలు అన్నావు కదా. ఈ వారమే మొదటి డోసు, 3, 4 వారాల తేడాతో రెండోది, మూడోది. ఆఖరిది మాత్రం 16 వారాలు నిండాకే పడాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తల్లి పాలతో వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదు. అది ఏ కూనకి ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం, కొన్నిటికి 16 వారాల దాకా ఉంటుంది. 12 వారాలకే రెండు డోసులతో ఆపేస్తే పుస్తకంలో టీకా ఉంటుంది, ఒంట్లో రక్షణ ఉండకపోవచ్చు. అందుకే ఆరు నెలలకి, అంటే 26 వారాలకి, ఇంకో డోసు వేయించమని డబ్ల్యూఎస్‌ఏవీఏ (పెంపుడు జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం) 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది అయ్యాక, ఒంటరిగా ఇంట్లోనే ఉండే పిల్లికి ట్రైక్యాట్ మూడేళ్లకొకసారి చాలు. ఊరెళ్తూ బోర్డింగ్‌లో వదిలే అలవాటుంటే, వీధికూనల్ని తెచ్చి సాకుతుంటే మాత్రం ఏటా వేయించు. ల్యుకీమియా అనే ఇంకో వైరస్ జబ్బు టీకా కూనగా ఉన్నప్పుడు కావాలో లేదో డాక్టర్ని అడుగు, బయటి పిల్లులతో కలవని పెద్ద పిల్లికైతే అది అవసరం లేదు.

రేబిస్ దగ్గర నేను రాజీపడను. 12 వారాలు దాటాక, అంటే నీకు రెండో ట్రైక్యాట్‌తో పాటు, ఒక డోసు. ఏడాదికి మరొకటి. ఆ పైన సీసా మీద ఎన్నేళ్లని రాసి ఉంటే అన్నేళ్లకి. మన దగ్గర డాక్టర్లు ఏటా వేయమంటే కాదనకు. గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు తెరిచిన తలుపులోంచి పిల్లి జారుకోవడం ఎంతసేపు? జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం నాడు, చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ముందురోజు కనుక్కుని వెళ్లు, కుక్కల వరుసలో కాసేపు నిలబడాలి కాబట్టి క్యారియర్ మీద తువ్వాలు కప్పు. పిల్లి ఎవరినైనా కరిస్తే, దానికి టీకా ఉందని ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి పంపు, పిల్లిని 10 రోజులు ఇంట్లో కనిపెట్టుకుని ఉండు.

వేయించే చోట ఒకటి చూసుకో. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ లేని పెట్‌షాపులో వేయించొద్దు. నీ ఎదుటే సీసా తీసి కలపమను, దాని స్టిక్కర్‌ని పుస్తకంలో అతికించి, తేదీ, సంతకం వేయమను. సూది మెడ వెనక కాకుండా కాలి కింది భాగంలో వేయమని అడుగు. చాలా అరుదుగా సూది వేసిన చోట క్యాన్సర్ గడ్డ పుడుతుంది, కాలిలోనైతే తీయడం సాధ్యం. సూది వేసిన చోట లేచిన గడ్డ మూడు నెలలకీ పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా డాక్టరుకి చూపించు.

జ్వరం, విరేచనాలు ఉన్న రోజు వేయించొద్దు. సూది పడ్డాక అరగంట క్లినిక్‌లోనే కూర్చో. మొహం వాచినా, ఆగకుండా వాంతులైనా, ఆయాసపడినా వెంటనే లోపలికి తీసుకెళ్లు. ఇంటికొచ్చాక ఒకరోజు మందకొడిగా పడుకుని తిండి తగ్గిస్తే కంగారు పడకు. ఒళ్లు వెచ్చగా ఉందని డోలో, క్రోసిన్ లాంటివి చుక్క కూడా పట్టొద్దు. పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది. రెండో రోజుకీ తినకపోతే నాకు కాదు, డాక్టరుకి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య