దయ్యాన్ని తీసేయండి, కాటా ఉంచండి

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని టీవీలో పాత కౌబాయ్ సినిమాలు తెగ చూసేదాన్ని, ఆ పిచ్చితోనే ఇప్పుడు ఒక వెస్టర్న్ (అదే, కౌబాయ్ కథ) నవల, మామూలు బతుకులో వింతలు కలిపే మ్యాజిక్ రియలిజం పద్ధతిలో రాస్తున్నాను. మా ముత్తాత కరువు రోజుల్లో రెండు బస్తాల జొన్నలు అప్పిచ్చి, పక్క చేను వాళ్ల మూడెకరాలు రాయించుకున్నాడని మా ఇంట్లో గుసగుసగా చెప్పుకుంటారు. ఆ మూడెకరాల మిరప డబ్బుతోనే మేమంతా చదువుకున్నాం. నవల్లో ఆ పక్క చేను వాళ్ల ఇల్లాలు తెల్లచీరలో దయ్యమై, గుర్రమెక్కి, ముత్తాత మునిమనవణ్ణి తరుముతుంది. చదివిన ఫ్రెండ్స్ పగలబడి నవ్వారు. గుంటూరులో గుర్రాలేంటే, మ్యాజిక్ రియలిజం అంటే ఇదా అన్నారు. మా బాబాయ్ అయితే ఇంటి గుట్టు బజారున పెడతావా అని ఫోన్లో ఒకటే తిట్లు. మొదటి 40 పేజీలూ, చివరి అధ్యాయం క్లుప్తంగానూ పంపుతున్నాను, ఏం చెయ్యమంటారు?

జవాబు: నవ్వారని బాధపడకమ్మా. దయ్యం కళ్లెం పట్టుకుని చెట్టు కింద ఆయాసపడే చోట నేనూ నవ్వాను. కానీ 31వ పేజీలో నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది, అక్కడ మాత్రం కాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఆ మూడెకరాల కాయ, ఇంటి దగ్గర 42 కిలోలు తూచి కుట్టిన టిక్కీ (మిర్చి బస్తా), మిర్చి యార్డుకి వెళ్లేసరికి 39 తూగుతుంది అని రాశావు. కాటా మార్చినా అంతే, ఎండు కాయైనా తడి కాయైనా అంతే. ఇది వదిలేసి దయ్యం వెంట ఎందుకు పరిగెత్తావో నాకర్థం కాలేదు!

మ్యాజిక్ రియలిజంలో వింత జరుగుతుంది, జరిగినందుకు ఎవరూ నోరెళ్లబెట్టరు. కమీషన్ కొట్టు గుమాస్తా చిట్టాలో "తరుగు 3" అని రాసుకుని తర్వాతి టిక్కీకి వెళ్లిపోవాలి. హమాలీ "మీ చేను సరుకు కదమ్మా" అని చెమట తుడుచుకోవాలి. మీ నాన్న లోడుకి ఎన్ని మూడు కిలోలు పోతాయో ముందే లెక్కేసుకుని లారీ ఎక్కించాలి, ఆ లెక్క ఎందుకు వేస్తున్నాడో మాత్రం ఒక్కసారీ నోరు విప్పి అనకూడదు. అందరూ హడలిపోతే అది ఉత్త దయ్యం కథ.

ఇదేదో బయటి సరుకని నీ ఫ్రెండ్స్ అనుకుంటున్నట్టున్నారు. వెయ్యేళ్ల క్రితం నన్నయ రాసిన ఆదిపర్వంలో సరమ అనే కుక్క జనమేజయ మహారాజు దగ్గరికొచ్చి, ఏ తప్పూ చెయ్యని నా పిల్లని మీ తమ్ముళ్లు కొట్టారని నిలదీస్తుంది. కుక్క మాట్లాడుతోందేంటని ఎవరూ అనరు. మంచీ చెడూ చూడకుండా సాధువులకీ పేదవాళ్లకీ కీడు చేసేవాళ్లకి కారణం లేని భయాలు వస్తాయని చెప్పి అది వెళ్లిపోతుంది, రాజుకి పట్టుకున్న భయం ఆ మాటతోనే. కొట్టింది తమ్ముళ్లు, దిగులు ఈయనకి. ఇంకాస్త వెనక్కి వెళ్తే ముత్తాత అర్జునుడు ఖాండవ వనం కాల్చాడు, పాముల రాజు తక్షకుడి ఇల్లూ ఇల్లాలూ అందులోనే పోయారు, ఆ మంటలో బతికి బయటపడ్డ మయుడే తర్వాత సభ కట్టిపెట్టాడు. మనవడు పరీక్షిత్తు అదే తక్షకుడి కాటుకి పోయాడు, మునిమనవడు జనమేజయుడు సర్పయాగం పెట్టాడు. అడవి తగలబెట్టి, అందులో ఉన్నవాళ్లని తరిమి, నేల సొంతం చేసుకోవడం... ఇంతకంటే వెస్టర్న్ ఏముంటుంది చెప్పు?

టోపీ, గుర్రం, ఎడారి పైపై వేషం. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' కోసం మన తెనాలి పక్క బుర్రిపాలెం కృష్ణగారు రాజస్థాన్ ఎడారి దాకా వెళ్లారు, అది సినిమా, వెళ్లాలి. నువ్వు వెళ్లక్కర్లేదు. చట్టం ఇంకా చేరని చోట, లేదా చేరినా బలమున్నవాడి జేబులో ఉన్న చోట, నేల ఎవరిదవుతుందన్నదే వెస్టర్న్ అసలు గొడవ. అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు ఉండి సాగు చేసినవాడికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇచ్చారు, అంతకుముందు ఆ నేల మీద తిరిగిన ఆదివాసుల పేరు ఆ కాగితంలో లేదు. 1848లో మెక్సికోతో ఒప్పందం అయ్యాక సరిహద్దు జరిగింది, మనుషులు ఉన్నచోటే ఉండి వేరే దేశంలో తేలారు, తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి చాలామంది భూములు పోగొట్టుకున్నారు. నీ కథలో తుపాకీ చేయాల్సిన పని చేసింది ముత్తాత ముందు పెట్టిన ఆ కాగితమూ, సిరా అంటిన ఆ బొటనవేలూ. ఆ వేలిని దగ్గరగా చూపించు. జొన్నల దుమ్ము ఇంకా గోరులో ఉందో లేదో రాయి.

గుర్రం మీద అంత మోజుంటే జట్కా గుర్రాన్ని పెట్టుకో. ఒకప్పుడు గుంటూరు స్టేషన్ ముందు జట్కాలు వరసగా ఉండేవి. ఏ బేరానికైనా వచ్చే గుర్రం మీ చేను గట్టు దగ్గర మాత్రం ఆగిపోతుంది, బండివాడు దిగి కబుర్లు చెప్పి దాన్ని చుట్టుదారిన నడిపిస్తాడు. చాలు.

ఇంకో ముచ్చట, లాయరు స్నేహితురాలు చెప్పింది. పాత హిందూ న్యాయంలో తండ్రి, తాత, ముత్తాత చేసిన అప్పు తీర్చడం కొడుకు, మనవడు, మునిమనవడి ధర్మంగా ఉండేది, కుటుంబ ఆస్తి ఉన్నంత మేరకు. జూదానికీ తాగుడుకీ చేసిన అప్పయితే మాత్రం కొడుకు తీర్చక్కర్లేదు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, కొత్తగా చేసే అప్పులకి ఈ బాధ్యతే తీసేశారు. చూశావా, పాడు అప్పు వారసుడికి అంటదని న్యాయమే అంటోంది, మీ కాటా మాత్రం దాన్నే తూచి చూపిస్తోంది. నవల్లో ఒక లాయరుంటే ఈ మాట వాడి చేత అనిపించు.

నాకు నచ్చనిది చివరి అధ్యాయం. హీరో గుడి కట్టించి అన్నదానం చేస్తే వాన కురిసి బరువు సరిపోతుందా? మరీ చౌక బేరం! అసలు ఆ పక్క చేను వాళ్లు ఏమయ్యారు? నీ 40 పేజీల్లో వాళ్లకి పేరే లేదు, ఒక దయ్యం తప్ప. వాళ్ల మునిమనవరాలు ఏ లాడ్జి సెంటర్లోనో టిఫిన్ బండి నడుపుతుండొచ్చు. హీరో వెళ్లి పొలం తిరిగి ఇస్తానంటే ఆవిడ అట్టు తిప్పుతూ "మూడెకరాలేనా? ఇన్నేళ్ల పంటో?" అనొచ్చు. అక్కడ వాడేం చెప్తాడో నాకూ తెలుసుకోవాలనుంది.

బాబాయ్‌గారి సంగతికొస్తే, ఊరు మార్చు, ఇంటిపేరు మార్చు, ఇక తిడితే తిట్టనీ. లేనిదానికి ఎవరూ అంత టెన్షన్ పడరు. ఆయన చల్లబడ్డాక ఆ కాగితం ఎక్కడుందో మెల్లగా అడుగు.

ప్రశ్న: వెస్టర్న్ అంటే బందిపోటు ఉండాలి కదండీ. మన దగ్గర స్టూవర్టుపురం ఉందిగా, అక్కణ్ణుంచి ఒక పాత్రని తెచ్చుకుంటే? (విజయవాడ, సత్యనారాయణపురం)

జవాబు: తెచ్చుకోండి, కానీ దొంగగా తేకండి. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేశారు, దాని కింద కొన్ని కులాల్లో పిల్లాడు పుడితే చాలు నేరస్థుడి లెక్కే. 1910ల్లో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్లని తెచ్చి పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. పైన బ్రాడీపేట అమ్మాయి ఇంట్లో తప్పు చేసినవాళ్లకి పొలం మిగిలింది, ఇక్కడ ఏ తప్పూ చెయ్యని మనిషికి పుట్టిన కులం వల్లే పోలీసు రిజిస్టర్లో చోటు దొరికింది. ఆ రిజిస్టర్ నుంచి మొదలుపెట్టండి కథ.